హాఫ్ మారథాన్‌కి ఆరు వారాలే ఉంది, కాలి ఎముక మీద నొప్పి. పరిగెత్తాలా, ఆపేయాలా?

నెక్లెస్‌రోడ్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి (21 కిలోమీటర్లు) పేరిచ్చాను. ఇంకా ఆరు వారాలుంది. కొన్ని రోజులుగా ఎడమ కాలికి లోపలి వైపు, చీలమండకి జానెడు పైన, ఎముక అంచు మీదే నొప్పి వస్తోంది. మొదట్లో రెండో కిలోమీటర్‌కి మొదలై ఒళ్ళు వేడెక్కాక పోయేది. ఇప్పుడు పోవట్లేదు సరికదా ఇంటికొచ్చి మెట్లు దిగుతున్నా తెలుస్తోంది. వేలితో నొక్కితే రూపాయి బిళ్ళంత చోట చురుక్కుమంటుంది. నిన్న రాత్రి పడుకున్నాక కూడా సలిపింది.

నొప్పి సంగతి అలా ఉంచితే, మనసుకి అసలు బాగాలేదు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక మొదలుపెట్టిన పరుగు ఇది. తెల్లారకముందే లేవడం, పీపుల్స్ ప్లాజా దగ్గర మావాళ్ళందరినీ కలవడం, పరుగయ్యాక ఇడ్లీ తిని ఇంటికి రావడం, రోజంతా ఆఫీసులో ఎంత టెన్షన్ ఉన్నా తట్టుకోగలిగేది దీనివల్లే. వారం ఆపేసరికి ఇంట్లో ఏ చిన్నదానికైనా చిరాకు పడుతున్నాను. గ్రూప్‌లో వాళ్ళ రన్‌ల ఫోటోలు చూడబుద్ధి కావడం లేదు. మెల్లగా పరిగెత్తి పూర్తి చేయొచ్చా? ఇలాంటిది అనుభవించినవాళ్ళు ఉంటే చెప్పండి.

42కే_పిచ్చి (బెంగళూరు)

బ్రదర్, ఆరు వారాలంటే చాలా టైమ్. ఒక వారం ఆపు, ఐస్ పెట్టు, పిక్కకి బిగుతుగా ఉండే కాఫ్ స్లీవ్ వేసుకో, తర్వాత మెల్లగా మొదలుపెట్టు. రేసు రోజు నొప్పి వస్తే ఒక పెయిన్‌కిల్లర్ వేసుకుని నడుస్తూ పరిగెడుతూ అయినా ఫినిష్ చేయొచ్చు. షిన్ స్ప్లింట్స్ (పరుగు వల్ల కాలి ఎముక అంచు వెంట వచ్చే నొప్పి) రాని రన్నర్ నాకు తెలిసి లేడు. 1984లో జోన్ బెనోయిట్ మోకాలికి ఆపరేషన్ అయిన 17 రోజులకే అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ మారథాన్ గెలిచింది. ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్‌లో మహిళలకి తొలిసారి పెట్టిన ఒలింపిక్ మారథాన్ కూడా ఆమెదే. మనసు గట్టిగా ఉండాలి. నెలల తరబడి కష్టపడి, బిబ్ (రేసు నంబర్) చేతిలో ఉండి కూడా స్టార్ట్ లైన్‌కి వెళ్ళకపోతే ఆ బాధ చాలాకాలం ఉంటుంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఫిజియో_బెజవాడ (విజయవాడ)

నెక్లెస్‌రోడ్ గారూ, కాలు చూడకుండా ఇదీ అని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ మీరు రాసిన వాటిలో మూడు విషయాలు నాకు నచ్చలేదు. నొప్పి ఒక్క చోటే వేలు పెట్టి చూపించేలా ఉండటం, ఒళ్ళు వేడెక్కినా తగ్గకపోవడం, రాత్రి విశ్రాంతిలో కూడా సలపడం.

షిన్ స్ప్లింట్స్ అయితే సాధారణంగా ఎముక అంచు వెంట నాలుగైదు వేళ్ళ పొడవునా పచ్చిగా ఉంటుంది, వేడెక్కాక కొంచెం సర్దుకుంటుంది. మీది ఎముకకే దెబ్బ మొదలైన లక్షణంలా ఉంది. స్ట్రెస్ రియాక్షన్ అంటారు, ముదిరితే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో పగులు. ఎక్స్‌రే తీయించుకుని ఏమీ లేదన్నారని సంబరపడకండి, మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనబడదు. ఎంఆర్ఐలో తెలుస్తుంది. ఆర్థోపెడిక్ డాక్టర్‌ని గానీ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ళని గానీ ఈ వారంలోనే కలవండి, అప్పటిదాకా ఒక్క కిలోమీటర్ కూడా వద్దు. ఒంటికాలి మీద గెంతి చూసుకోమని ఎవరైనా సలహా ఇస్తే అదీ వద్దు, డాక్టర్ ముందు ఒకసారి చేస్తే చాలు.

42కే గారూ, పెయిన్‌కిల్లర్ వేసుకుని రేసుకి వెళ్ళమని దయచేసి ఎవరికీ చెప్పకండి. ఐబుప్రోఫెన్ లాంటి మందు వేసుకుని గంటల తరబడి చెమట కారుస్తూ పరిగెడితే కిడ్నీల మీద భారం పడుతుంది. దానికి తోడు దారి పొడవునా నీళ్ళు ఎక్కువ తాగేశారంటే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదకి తెస్తుంది. పైగా నొప్పి తెలియకపోతే ఎముక పూర్తిగా విరిగేదాకా ఆగరు. జోన్ బెనోయిట్‌కి జరిగింది మోకాలి లోపల చిన్న కీహోల్ సర్జరీ. అడ్డొచ్చేది తీసేశాక ఆమె పరిగెత్తింది. విరిగిన ఎముక మీద పరిగెత్తలేదు. ఆ రెండింటినీ కలపడం న్యాయం కాదు.

నెక్లెస్‌రోడ్ గారు ఒక్కటి చెప్పండి, ఈ రెండు నెలల్లో మీ రన్నింగ్‌లో ఏమేం మారాయి?

నెక్లెస్‌రోడ్

థాంక్స్ అండి. రేపే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. మారినవి అంటే... లాంగ్ రన్ 10 కిలోమీటర్ల దగ్గర ఉండేది, ఒక ఆదివారం గ్రూప్‌తో కలిసి 16 చేశాం. రేసు రూట్‌లో పంజాగుట్ట ఫ్లైఓవర్, జూబ్లీహిల్స్ ఎక్కుడు, తర్వాత కేబుల్ బ్రిడ్జి, ఇలా ఎక్కడం దిగడం ఎక్కువ కాబట్టి వారానికోసారి ఫ్లైఓవర్ మీద హిల్ రిపీట్స్ (ఎక్కుడు మీద మళ్ళీ మళ్ళీ పరిగెత్తడం) కూడా పెట్టారు. షూస్ మారాయి, అడుగున కార్బన్ ప్లేట్ (గట్టి రేకు) ఉన్నవి. కానీ వారం మొత్తం చూస్తే 10 శాతం రూల్ (వారానికి అంతకు మించి దూరం పెంచకూడదంటారు) దాటలేదు, స్ట్రావా యాప్‌లో లెక్క చూసుకుంటూనే ఉన్నాను. ఆ 16 కూడా ఆయాసం లేకుండా మాట్లాడుకుంటూ చేశాం. అందుకే ఒళ్ళు సిద్ధంగా ఉందనిపించింది.

ఓరుగల్లు_పరుగు (హనుమకొండ)

తమ్ముడూ, నువ్వు రాసిన ఆ చివరి రెండు వాక్యాల దగ్గరే ఉంది సంగతంతా. నేను స్కూల్లో పీఈటీని. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే మా దగ్గర జేఎన్ఎస్ స్టేడియం తెల్లవారుజామున నాలుగున్నరకే నిండిపోతుంది. ఈవెంట్స్‌లో మగపిల్లలకి 1600 మీటర్లు, ఆడపిల్లలకి 800. అప్పటిదాకా హాస్టల్ గదిలో పుస్తకం ముందు కూర్చున్న పిల్లలు ఒక్కసారిగా రోజూ పరుగు, రోజూ లాంగ్ జంప్, అదీ పాత స్కూల్ షూస్‌తో, సిమెంట్ రోడ్డు మీద. మొదటి వారం ఊపిరాడదు, వాంతులు చేసుకుంటారు. మూడో వారానికి ఊపిరి దారిలో పడుతుంది, టైమింగ్ తగ్గుతుంది, మొహాల్లో వెలుగు వస్తుంది. సరిగ్గా అప్పుడే, నాలుగో వారం, ఐదో వారంలో, ఒక్కొక్కరు కుంటడం మొదలవుతుంది. ఈవెంట్స్ రోజుకి అవకాశం పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళల్లో బద్ధకస్తులు ఎవరూ లేరు. అందరికంటే ఎక్కువ కష్టపడ్డవాళ్ళే పోయారు, అదే నాకు కడుపు మండే విషయం.

గుండె, ఊపిరితిత్తులు వారాల్లో మెరుగవుతాయి. కండ అంతకంటే కొంచెం నెమ్మది. ఎముక, నరం (మన వాళ్ళు నరం అంటారుగానీ అది కండని ఎముకకి కట్టే స్నాయువు) నెలలు తీసుకుంటాయి. నీకు ఆయాసం రాలేదంటే నీ గుండె 16కి సిద్ధమైందని అర్థం. ఎముక ఇంకా 10 దగ్గరే ఉంది. ఆయాసాన్ని చూసి దూరం పెంచేవాళ్ళందరికీ ఇదే జరుగుతుంది, ఒక్క నీకు కాదు.

ఫిజియో_బెజవాడ

సార్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఎముక ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెబుతాను, ఇది తెలిస్తే చాలామంది ఆగుతారు. దూరం పెంచగానే ఆ భారానికి తగ్గట్టు ఎముక తనని తాను మార్చుకోవాలని చూస్తుంది. ఇల్లు బాగుచేయించేటప్పుడు ముందు పాత గోడ కొట్టేసి తర్వాతే కొత్తది కడతారు కదా, అలాగే ఎముక కూడా ముందు పాత భాగాన్ని కరిగించి తీసేస్తుంది. ఆ తీసేసే పని వారాల్లో అయిపోతుంది. కొత్తది కట్టి గట్టిపడటానికి మూడు నాలుగు నెలలు. ఆ మధ్యలో ఎముక ఇదివరకటి కంటే బలహీనంగా ఉంటుంది. సార్ చెప్పిన నాలుగో వారం, ఐదో వారం లెక్క అందుకే సరిపోతుంది.

10 శాతం రూల్ గురించి. నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్ల మీద 2008లో ఒక అధ్యయనం వచ్చింది. వారానికి 10 శాతం చొప్పున నెమ్మదిగా పెంచినవాళ్ళలో, మామూలు ప్లాన్ చేసినవాళ్ళలో గాయాలు ఇంచుమించు సమానం, రెండింట్లోనూ అయిదుగురిలో ఒకరు. 2025లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 5,200 మంది రన్నర్ల మీద వచ్చిన దాంట్లో ఇంకో సంగతి బయటపడింది. వారం మొత్తం ఎంత పెరిగిందన్నదాన్ని బట్టి గాయం వస్తుందో లేదో పెద్దగా తెలియలేదు. ఒకే ఒక్క రన్, గత 30 రోజుల్లో చేసిన అతి పెద్ద రన్ కంటే 10 శాతం మించి పెరిగితే మాత్రం ప్రమాదం పెరిగింది. మీ వారం లెక్క సరిగ్గానే ఉంది. 10 నుంచి 16 అంటే ఒక్క రన్‌లో 60 శాతం. స్ట్రావా వారం గ్రాఫ్‌లో ఇది కనబడదు.

42కే_పిచ్చి

సరే డాక్టర్ గారూ, పెయిన్‌కిల్లర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సోడియం సంగతి ఇంత ఉందని తెలియదు. కానీ ఒక్కటి మాత్రం చెప్పాలి. ప్రతి నొప్పికీ ఎంఆర్ఐ అంటే మామూలు మనిషి భరించగలడా? రన్నింగ్‌లో ఎక్కడో ఒకచోట నొప్పి లేకుండా ఉండే వారం ఉండదు. భయపెడితే మొదలుపెట్టేవాడు కూడా మానేస్తాడు. నాకు తెలిసి పరుగు వల్ల పాడైన కాళ్ళ కంటే సోఫాలో కూర్చుని పాడైన గుండెలు ఎక్కువ.

కొత్తకాలు (గుంటూరు)

నేను ఈ చర్చ చదువుతూ నిజంగానే భయపడ్డాను. ఇంకా మొదలే పెట్టలేదు. బరువు 94, వయసు 41, షాపులో పొద్దుణ్ణించి రాత్రి దాకా కూర్చునే పని. ఎన్టీఆర్ స్టేడియంలో నడుస్తున్నాను, పరుగు మొదలుపెడదామని షూస్ కొన్నాను. ఇదంతా చూశాక నడకే మేలేమో అనిపిస్తోంది. ఎముకలు విరగడాలు ఏంటండీ బాబూ.

ఆర్కేబీచ్_అరుణోదయం (విశాఖపట్నం)

కొత్తకాలు గారూ, ఆ షూస్ లోపల పెట్టకండి. నేను రిటైరయ్యాక మొదలుపెట్టాను. బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ వయసులో చీర కట్టుకుని తిరిగే మనిషి ట్రాక్ ప్యాంట్‌లో రోడ్డెక్కితే మా వీధిలో ఏమనుకుంటారోనని నాకూ ఉండేది. మొదట ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరుగు, తర్వాత మూడు స్తంభాలు నడక. అంతే. దానికే ఒక పద్ధతి ఉందనీ, జోష్ క్లార్క్ అనే ఆయన 1996లో ‘కౌచ్ టు 5కే’ పేరుతో తయారుచేశాడనీ తర్వాత మా అబ్బాయి చెప్పాడు. ఫౌజా సింగ్ గారు 89 ఏళ్ళ వయసులో లండన్‌లో మొదటి మారథాన్ పరిగెత్తారు. మనకేం వయసయిపోయిందని?

నాకూ గాయాలయ్యాయి. మడమ నొప్పి, ప్లాంటర్ ఫేషియైటిస్ అన్నారు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద మేకు గుచ్చినట్టుండేది, నాలుగడుగులు వేశాక తగ్గేది. నెలల తరబడి వేధించింది. మెట్టు అంచున, వేళ్ళ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మడమలు పైకి లేపి నెమ్మదిగా దించడం, అది మానకుండా చేశాకే పోయింది. ఇంట్లో ఉత్తకాళ్ళతో గచ్చు మీద తిరగడం ఆపించారు, పూజ గదిలోకి తప్ప.

వైజాగ్ వాళ్ళకి ఇంకో మాట. ఇక్కడ గాల్లో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. హైదరాబాద్ వాళ్ళ పేస్ (వేగం) చూసి మనం పోటీ పడకూడదు. నేను వాచీ తీసేశాను, ఇంటికొచ్చాక మనవరాలి చేతికిస్తాను.

ఫిజియో_బెజవాడ

అమ్మా, ఎంత బాగా చెప్పారు. కొత్తకాలు గారూ, 42కే గారు అన్నదాంట్లో కూడా నిజముంది. ప్రతి నొప్పికీ స్కాన్ అక్కర్లేదు. కండలో, రెండు కాళ్ళలో ఒకేలా, మర్నాడు వచ్చి రెండు మూడు రోజుల్లో పోయేదానికి ఏమీ అక్కర్లేదు. పరుగుతో పాటు పెరిగే నొప్పి, నడకని మార్చేసే నొప్పి, ఎముక మీద ఒక్క చోట ఉండే నొప్పి, రాత్రి లేపే నొప్పి, వీటిని వదిలేయకూడదు. గజ్జల్లో లోతుగా నొప్పి వచ్చి బరువు మోపలేకపోతుంటే మాత్రం అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. తొడ ఎముక మెడ దగ్గర (తుంటి కీలు పక్కన) విరిగితే ఆపరేషన్ దాకా వెళుతుంది. మీరు రోజు మార్చి రోజు వెళ్ళండి, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, 20 నిమిషాలు చాలు. పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా.

రాగిజావ (కొండాపూర్)

ఆడవాళ్ళ తరఫున నేనొకటి రాయాలి, ఎందుకంటే గ్రూపుల్లో ఇది ఎవరూ మాట్లాడరు. నాకు ఒక దశలో ఏమైందంటే, ట్రైనింగ్ అంతా సరిగ్గానే ఉంది, నిద్ర ఉంది, అయినా రోజురోజుకీ పేస్ పడిపోతోంది, మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడటం. మోటివేషన్ పోయిందనుకున్నాను. కోచ్ కూడా మైండ్‌లో ఉంది ప్రాబ్లం, గట్టిగా పుష్ చెయ్ అన్నారు. హిమోగ్లోబిన్ చూస్తే నార్మల్‌కి అంచున ఉంది, ల్యాబ్‌లో బాగానే ఉందన్నారు. ఒక డాక్టరమ్మ ఫెరిటిన్ టెస్ట్ రాశారు, అది అడుగంటింది. ఐరన్ నిల్వలు ఖాళీ అయిపోయినా హిమోగ్లోబిన్ కొంతకాలం మామూలుగానే కనబడుతుందట. మందు మొదలుపెట్టాక నెలల్లో మనిషినయ్యాను. పుష్ చేయమన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంకొకటి. బరువు తగ్గాలని తిండి తగ్గించి పరుగు పెంచే అమ్మాయిలు చాలామంది ఉన్నారు. పీరియడ్స్ ఆగిపోతే హమ్మయ్య అనుకుంటారు, అథ్లెట్లకి మామూలే అని ఎవరో చెబుతారు. మామూలు కాదు. ఒంటికి సరిపడా తిండి అందట్లేదని అర్థం, ఎముకలు పలచబడతాయి, స్ట్రెస్ ఫ్రాక్చర్లు వాళ్ళకే ఎక్కువ. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది, మగవాళ్ళకీ వస్తుందని కూడా చెప్పింది. నెక్లెస్‌రోడ్ గారూ, షుగర్ భయంతో మీరు అన్నం బాగా తగ్గించేశారా? ఒకసారి చూసుకోండి. విటమిన్ డి, బీ12 కూడా చేయించుకోండి. తెల్లారకముందు పరుగు, పగలంతా ఏసీ ఆఫీసు, మనకి ఎండ తగిలేది ఎక్కడ?

చీకట్లో కుక్కలు, బైకుల మీద మాటలు విసిరేవాళ్ళు, ఇవి దాటుకుని రోడ్డు మీదకి వచ్చే ప్రతి అమ్మాయీ అప్పటికే సగం రేసు గెలిచినట్టు. కనీసం ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళయినా ఉండాలి.

ఓరుగల్లు_పరుగు

చెల్లీ, ఇది మా పిల్లలకి చదివి వినిపిస్తాను. మా దగ్గర ఆడపిల్లలు పొద్దున ఏమీ తినకుండా గ్రౌండ్‌కి వస్తారు. రెండు ఖర్జూరాలో అరటిపండో తినమంటే సిగ్గుపడతారు. మా ఓరుగల్లు వైపు నుంచే కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి వెళ్ళి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. అలాంటి పిల్లలు మా పల్లెల్లో ఇంకా ఎందరున్నారో, కడుపు నిండా పెట్టి చూసుకునేవాళ్ళు ఉంటే.

మిచిగాన్_ఒడ్డు (చికాగో)

నెక్లెస్‌రోడ్ బ్రదర్, మీరు రాసిన చిరాకు గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. నేను దాని గురించే రాస్తాను. మాది తెనాలి, ఇక్కడికొచ్చి చాలాకాలమైంది. లేక్‌ఫ్రంట్ ట్రయల్ మీద పరుగే నాకు ఇక్కడ స్నేహితుల్ని ఇచ్చింది. అకిలిస్ (మడమ వెనక ఉండే స్నాయువు) దెబ్బతిని పరుగు ఆగిపోయినప్పుడు, అదీ చలికాలం మొదట్లో, నాలుగున్నరకే చీకటి పడిపోయే రోజుల్లో, నేను చాలా కుంగిపోయాను. మా ఆవిడ మొదట గమనించింది. రన్నర్‌ని అని చెప్పుకునే మనిషికి పరుగు తీసేస్తే ఇంకేం మిగిలిందో తెలియని పరిస్థితి. బయటివాళ్ళకి చెబితే పరిగెత్తకపోతే ఏమైందిలే అంటారు. వాళ్ళకి అర్థం కాదు. మందులు అక్కర్లేని ఒక మందు ఆగిపోయినట్టే ఉంటుంది, నిద్ర చెడుతుంది, ఆకలి చెడుతుంది. కాబట్టి మీరు పడుతున్నది నిజమైన బాధ, చిన్నబుచ్చుకోకండి.

నాకు పనికొచ్చినవి చెబుతాను. పొద్దున లేచే టైమ్ మార్చలేదు, అదే టైమ్‌కి లేచి సైకిల్ తొక్కేవాణ్ణి. ఈత కొలనులో బెల్ట్ కట్టుకుని నీళ్ళలో పరుగు కూడా చేశాను (హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కొలను నాలుగడుగులే ఉంటుంది, కాళ్ళు కింద తగులుతాయి, కాబట్టి మీకు సైకిల్ నయం). స్ట్రావా యాప్ తీసేశాను కానీ మనుషుల్ని వదల్లేదు. శనివారం వాళ్ళ రన్ అయ్యే టైమ్‌కి కాఫీ షాప్‌కి వెళ్ళి కూర్చునేవాణ్ణి. మొదటి రెండుసార్లు చాలా కష్టంగా ఉంది, లేచి వచ్చేద్దామనిపించింది. తర్వాత వాళ్ళు నా కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. మీ ఇడ్లీ బండి దగ్గరికి మీరు వెళ్ళడం ఆపకండి.

అకిలిస్‌కి మడమ పైకి లేపి నెమ్మదిగా దించే ఆ వ్యాయామమే, ఆల్ఫ్రెడ్‌సన్ పద్ధతి, రోజుకి రెండుసార్లు, 12 వారాలు. విసుగొచ్చే పనే. అయినా పనిచేసింది.

నెక్లెస్‌రోడ్

అందరికీ చాలా థాంక్స్. మిచిగాన్ గారు రాసింది మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

రిపోర్ట్ వచ్చింది. స్ట్రెస్ రియాక్షన్, ఎముక లోపల వాపు ఉంది, పగులు గీత లేదు. సరైన టైమ్‌కి వచ్చారు అన్నారు డాక్టర్. ఆరు వారాలు పరుగు పూర్తిగా బంద్, నొప్పి లేనంత నడక, సైకిల్ ఓకే. విటమిన్ డి బాగా తక్కువ, 11 ఉంది, దానికి మందు రాశారు. రాగిజావ గారు అడిగినట్టే అన్నం, చపాతీ రెండూ బాగా తగ్గించేశాను, డైటీషియన్ దగ్గరికి పంపారు, షుగర్ ఉన్నా రన్ రోజుల్లో ఎంత తినాలో రాసిచ్చారు.

అంటే ఆగస్టు రేసు లేదు. రాయడానికి కూడా మనసొప్పడం లేదు. రిపోర్ట్ పట్టుకుని పార్కింగ్‌లో కారులో చాలాసేపు కూర్చుండిపోయాను. రెండు విషయాలు అడగాలి. ఆరు వారాల తర్వాత ఎలా మొదలుపెట్టాలి? ఆ కార్బన్ షూస్ వాడొచ్చా?

42కే_పిచ్చి

బ్రదర్, చాలా బాధగా ఉంది. స్కాన్‌లో కనబడ్డాక ఇక మాట లేదు, ఆగాల్సిందే. జనవరిలో ముంబై ఉంది, చలికాలమంతా మన దగ్గర బోలెడు రేసులున్నాయి. బెంగళూరు వైపు వస్తే చెప్పు, కబ్బన్ పార్క్‌లో నీ పేస్‌లోనే నేను వస్తాను, నడిచినా సరే.

ఫిజియో_బెజవాడ

పగులు గీత లేకపోవడం చాలా మంచి వార్త. ఆరు వారాలు అయ్యాయని క్యాలెండర్ చూసి మొదలుపెట్టకండి. నొక్కితే నొప్పి ఉండకూడదు, చురుగ్గా 30 నిమిషాలు నడిచినా ఆ రోజూ మర్నాడూ ఏమీ తెలియకూడదు, డాక్టర్ ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక నుంచి, రోజు మార్చి రోజు, చదునుగా ఉన్న చోట. మీరు కొత్తకాలు గారి ప్లాన్‌తోనే మొదలవుతారు. ముందు దూరం, వేగం చాలా తర్వాత, ఫ్లైఓవర్లు అన్నిటికంటే చివర. ఈలోగా పిక్కల బలం పెంచండి, మోకాలు వంచి, నిటారుగా ఉంచి, రెండు రకాలుగా మడమలు లేపడం. పరుగులో అడుగు కొంచెం చిన్నదిగా, నిమిషానికి అడుగులు 5 నుంచి 10 శాతం ఎక్కువ పడేలా చూసుకుంటే మోకాలి మీద, తుంటి మీద పడే భారం తగ్గుతుంది.

కార్బన్ షూస్ రేసుకి, అప్పుడప్పుడు ఫాస్ట్ రన్‌కి. రోజూ వేసుకునేవి మామూలువి, కాలికి హాయిగా ఉన్నవి. ఏ షూ కూడా గాయం రాకుండా ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆర్కేబీచ్_అరుణోదయం

బాబూ, మా వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి 2025లో రెండోసారి 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది, ఆ వెంటనే మోకాలి గాయంతో ఆగిపోవాల్సి వచ్చింది. చుట్టూ కోచ్‌లు, ఫిజియోలు ఉన్న పిల్లకే తప్పలేదు. ఆరు వారాలు నాలుగు పండగల్లో గడిచిపోతాయి. వినాయక చవితి ఉండ్రాళ్ళు మానకండి, డైటీషియన్‌ని అడిగి ఒకటైనా తినండి.

నెక్లెస్‌రోడ్

అలాగేనమ్మా. 42కే అన్నా, కబ్బన్ పార్క్ మాట గుర్తుంచుకుంటాను. ఈ ఆదివారం గ్రూప్ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు 18 చేస్తుంటే నేను హుస్సేన్ సాగర్ పక్కన సైకిల్ మీద నీళ్ళ బాటిళ్ళు మోశాను. కుళ్ళు లేదని చెప్పను, ఒక్కొక్కరు పక్కనుంచి వెళుతుంటే కాళ్ళు లాగాయి. ఇడ్లీ దగ్గర మాత్రం ఎప్పటిలాగే గంట కూర్చున్నాం. ఇంటికొచ్చాక మా పాపతో క్యారమ్స్ ఆడాను, చిరాకు పడలేదు.

కొత్తకాలు

అండీ, నేను మొదలుపెట్టాను! ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, చెప్పినట్టే 20 నిమిషాలు. చివరి నిమిషం కష్టమైంది కానీ అయ్యింది. ఈరోజు పొద్దున లేచేసరికి రెండు పిక్కలూ పట్టేశాయి, షాపు మెట్లు దిగడం కష్టంగా ఉంది. ఎముక మీద నొక్కి చూసుకున్నాను, అక్కడ ఏమీ లేదు, కండలోనే ఉంది, రెండు కాళ్ళకీ ఒకేలా ఉంది. ఇది ఆపేయాల్సిన నొప్పేనా?

ఫిజియో_బెజవాడ

కాదండి, అది కండరాల నొప్పే. నీళ్ళు బాగా తాగండి, ఈరోజు మామూలుగా నడవండి. రేపటికి తగ్గితే రేపు, లేకపోతే ఎల్లుండి మళ్ళీ అదే 20 నిమిషాలు. నిమిషాలు ఇప్పుడే పెంచకండి.